అన్న ముక్కు, యంత్రం కడుపు

మా వదిన ఫోన్ చేస్తే పలకరింపులు పొడవుగా ఉంటాయి. ఆ రోజు మాత్రం అవేమీ లేవు.

"పాపా, ఈ పొద్దు కూడా ఒకాయన మన వాకిట్లోనే ఊసేసి పోయినాడు" అంది.

"ఏం ఊసినాడు వదినా? ఆకూ వక్కా?"

"ఆకూ వక్కైతే నీకేంటికి చెప్తాను? మన కాఫీ."

హోసూరులో మాది కాఫీపొడి అంగడి. నాన్న పెట్టాడు, అన్న నడుపుతున్నాడు. గింజలు వేయించే డ్రమ్ము దగ్గర నిలబడిన మనిషి వాసన పట్టి, ఇక చాలు అనుకున్న క్షణంలో గింజల్ని బయటికి లాగాలి. మా ఇంట్లో ఆ పని గడియారం చూసి చేయరు. పొగ చిక్కబడే లోపలే ముక్కుకు తెలిసిపోవాలి. నాన్న తర్వాత డ్రమ్ము దగ్గర చోటు అన్నది. ఊళ్ళో అంగడికి ఉన్న పేరంతా ఆయన ముక్కు సంపాదించినదే. ఊరంతటినీ పడేసిన ఆ పెద్ద జ్వరం ఆయనకూ వచ్చిపోయాక ఆ ముక్కు పనిచేయడం లేదని వదిన అనుమానం. అడిగితే, "నాకు వాసన తెలీకుంటే ఇంక అంగట్లో నాకేం పని?" అని అన్నం ముందు నుంచి లేచిపోయాడట.

ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. ఒప్పుకుంటే డ్రమ్ము దగ్గర నుంచి తప్పుకోవాలి. తప్పుకుంటే, గల్లాపెట్టె దగ్గర వదిన ఉంది కాబట్టి, ఆయనకు అంగట్లో నిలబడడానికి చోటే లేదు. ఒప్పుకోకపోతే ఉమ్మేవాళ్ళు ఉమ్ముతూ ఉంటారు, కొన్నాళ్ళకు ఉమ్మడానికి కూడా ఎవరూ రారు.

"నీ మాటైతే వింటాడు. వచ్చి ఏదో ఒకటి తేల్చిపో" అంది వదిన.

అన్న నా మాట వినడు, నాతో బేరమాడతాడు. మా ఇంట్లో ఈ రెంటికీ పెద్ద తేడా చూడరు. కృష్ణగిరిలో నా స్టీలు సామాన్ల అంగడికి తాళం వేసి బస్సెక్కాను.

వాకిట్లో ఉమ్మించుకుంటున్న ఆ కాఫీ వెనుక నా చెయ్యి కూడా ఉంది కాబట్టి, ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్ళు, వారాంతంలో బెంగళూరు నుంచి కార్లలో దిగేవాళ్ళు, అంగడి ముందు ఆగి "ఎస్‌ప్రెసో ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. అన్న ఆశపడ్డాడు. కాఫీ దించే యంత్రం ఏదైనా పరవాలేదు, పొడి చేసే గ్రైండరే ప్రాణం అని ఎవరో చెప్పారు. జూజువాడి చెక్‌పోస్టు దాటాక మూతపడిన ఒక కాఫీ హోటల్‌లో అలాంటి గ్రైండరు అమ్ముతున్నారని తెలిసి, బేరానికి నన్ను తీసుకుపోయాడు.

దూరదేశపు సరుకు. ఇద్దరు పట్టి లేపాల్సినంత బరువు. పైన గింజలు పోసే గాజులాంటి గిన్నె, దాని కింద ఒకదానికొకటి ఎదురుగా పడుకున్న రెండు ఉక్కు చక్రాలు. వాటికి పళ్ళుంటాయి. నడుమ పెద్దవి, అంచుకు వచ్చేకొద్దీ సన్నవి. కింది చక్రం తిరుగుతుంది, పైది కదలదు. గింజ నడుమ పడి, పగిలి, అంచుకు చేరేసరికి మైదాపిండిలా అవుతుంది. రెండు చక్రాల మధ్య సందు వెంట్రుక మందం మారినా కాఫీ మారిపోతుందట. ఆ సందును పెంచడానికీ తగ్గించడానికీ మెడ దగ్గర, సీసా మూతలా తిప్పే మరలున్న ఒక కట్టు ఉంటుంది. నలిగిన పొడిని ఒక రెక్క తోసుకుంటూ తెచ్చి పక్కనున్న గొట్టంలో వేస్తుంది. గొట్టం మూతి దగ్గర, పొడి ఉండలు కట్టకుండా చిన్న రేకు.

అమ్మేవాడు మర్యాదస్తుడు. యంత్రంతో పాటు ఒక సంచి చూపించాడు. అందులో కుంచె, గాలి ఊదే రబ్బరు తిత్తి, పానాలు, మరలకు పూసే గ్రీజు, ఇంకో జత పళ్ళ చక్రాలు ఉన్నాయి. అంగడికి వచ్చి విప్పడం, శుభ్రం చేయడం నేర్పిస్తానని కూడా అన్నాడు. నేను యంత్రం మీది గీతలన్నీ వేలితో చూపించి ధర దించాను. ఇక దిగదనుకున్నప్పుడు సంచి మీద పడ్డాను. ఒక్కొక్క వస్తువు పక్కన పెట్టించి దాని ధర కొట్టేయించాను. చివరికి ఆయన నేర్పిస్తానన్న చదువు కూడా వద్దన్నాను.

"మా నాయన కాలం నుంచి పొడి కొట్టేవాళ్ళం. మాకు నువ్వు నేర్పించేదేముందప్పా?"

ఆయన నన్ను అదోలా చూశాడు. ఓడిపోయినవాడి చూపు అనుకుని ఇల్లు చేరేదాకా మురిసిపోయాను. అది జాలి.

డబ్బు చేతిలో పెట్టాక ఒక్కమాట మాత్రం ఊరికే చెప్పాడు. రాత్రి గొట్టంలో నిలిచిన పొడిని పొద్దున్నే పారేయండి, మొదటి కాఫీ దాంతో దించకండి అని. అన్నా నేనూ మొహాలు చూసుకున్నాం. పారేయడమా? నాన్న కాలంలో పొడి కొట్టే మరలో ఎవరు గింజలు తెచ్చి పోసినా, కొట్టగా లోపల నిలిచిపోయిన పొడి అంగడిది. మరకు కడుపుంటుంది, ఆ కడుపు నిండాకే మనిషికి ఇస్తుంది అనేవాడు నాన్న. సాయంత్రం మరను తట్టి, అందరి పొడీ కలిసిపోయిన ఆ మిగులును డబ్బాకెత్తి, చెక్‌పోస్టు దగ్గర లారీవాళ్ళకు టీ, కాఫీలు పోసే బంకులకు ఇచ్చేవాళ్ళం. ఆ మిగులుతో నేను బట్టలు కొనుక్కున్నాను, పలకలు కొనుక్కున్నాను. అలాంటి ఇంట్లో పుట్టి లోపల నిలిచిన పొడిని పారేయమంటే ఎలా? అన్న దానికో దారి చూశాడు. రాత్రి మిగులుతో దించిన కాఫీని బోణీకి వచ్చినవాడికి పోశాడు. అంటే రోజూ అందరికంటే ముందు తలుపు తట్టే నమ్మకస్తుడికి నిన్నటి పాచి.

అంత ఖరీదు పెట్టిన యంత్రం ఊరికే నిలబడితే మావాళ్ళకు ఒళ్ళు మండుతుంది. అందుకని చిన్న చిన్న బేరాలకు చికోరీ కూడా దాంట్లోనే ఆడించడం మొదలుపెట్టాడు. కాఫీపొడిలో కలిపే ఆ వేరు, గాలిలో తేమ తాగి బెల్లం పాకంలా సాగే సరుకు. ఇదంతా నాకు ఆ రోజు దాకా తెలియదు. తెలిసినా శభాష్ అనే ఉండేదాన్నేమో.

నేను వెళ్ళేసరికి అన్న యంత్రాన్ని పసుపుగుడ్డతో తుడుస్తున్నాడు. పైన కుంకుమబొట్టు. ఒళ్ళంతా అద్దంలా మెరుస్తోంది.

"ఏం పాపా, చెప్పా పెట్టకుండా?"

"సుమ్నే వచ్చినా అన్నా, ఊరికే చూసిపోదామని."

"టికెట్టు కొనుక్కోని సుమ్నే వచ్చే రకమా నువ్వు?" అని నవ్వి, అడగకుండానే నాకో కాఫీ దించాడు.

ఆ కాఫీ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, అయినా చెబుతాను. మొదట కాలిన గోనెసంచి. తర్వాత నాలుక వెనుక ముక్కిన కొబ్బరినూనె. మింగాక గొంతులో, తడిసి ఆరని చాపలాంటిదేదో పరుచుకుని కదలదు. నేను ఉమ్మలేదు. అన్న ఎదురుగా ఉన్నాడు, పైగా ఊరికే వచ్చినదాన్ని ఉమ్మడం మా వంశంలో లేదు.

"ఎట్లుండాది?"

"చేదు."

"కాఫీ చేదుగానే ఉండల్ల. ఇప్పటి మంది పాయసం తాగి పెరిగినారు."

గల్లాపెట్టె వెనుక నుంచి వదిన నన్ను చూసింది. ఆమె కళ్ళు యంత్రం మీది గిన్నె వైపు తిరిగాయి. నేనూ చూశాను. గింజలు బొగ్గులా నల్లగా, తలకు ఆముదం పెట్టుకున్నట్టు జిడ్డోడుతున్నాయి. గిన్నె లోపలి గోడకు ఆ జిడ్డు పసుపుపచ్చగా పేరుకుంది. నాన్న కాలంలో మా గింజలు తేనెరంగు దాటి కొంచెం ముదిరితే చాలు, దించేసేవాళ్ళు. నాకు అర్థమైంది. ముక్కు పోయినవాడికి కాఫీలో నాలుక మీద మిగిలేది చేదొక్కటే. ఆ చేదు తగిలేదాకా వేపుతున్నాడు. రోజురోజుకూ ఇంకొంచెం.

ముక్కు సంగతి ఎత్తితే లేచిపోతాడు. యంత్రం సంగతి ఎత్తాను.

"దీన్ని ఎప్పుడు విప్పినావు అన్నా?"

"విప్పేదేంటికి? నడస్తాండాది గదా."

"ఒక బేరం. ఇప్పుడు విప్పుదాం. లోపల సుబ్బరంగా ఉంటే నోరు మూసుకోని మళ్ళీ బస్సుకు పోతా. గలీజుగా ఉంటే డ్రమ్ము దగ్గర వదిన నిలబడుతుంది."

"ఇదేం బేరం? గలీజుగా ఉంటే కడుక్కుంటా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"పొద్దస్తమానం దీని పక్కనే నిలబడి గలీజు నీకు తెలీకుంటే సంబంధమే గదా."

అన్న గుడ్డను మడిచాడు. ఒప్పుకోడనుకున్నాను. కానీ మెరిసే యంత్రాన్ని ఒకసారి, నన్నొకసారి చూసి, గెలిచే బేరం దొరికినవాడిలా తల ఊపాడు.

"సరే. విప్పేది మాత్రం నేనే. నీ చేతికిస్తే స్క్రూలు కూడా తూకానికి అమ్మేస్తావు."

ప్లగ్గు లాగి, గిన్నె ఎత్తి పక్కన పెట్టాడు. మెడ దగ్గరి కట్టు తిరగలేదు. వదిన కింద దిమ్మెను పట్టుకుంది, అన్న రెండు చేతులతో పట్టి తిప్పాడు. కదల్లేదు. మరల సందులోంచి తేనెరంగు జిగురు వేళ్ళకంటింది.

"ఇదేంటిది?" అన్నాను.

"కొబ్బరినూనె. బిగుసుకుంటే అప్పుడప్పుడు పోస్తాంటి."

పొడి పడే చోట కొబ్బరినూనె! మరలకు గ్రీజు అంటే గోరు మీద పట్టేంత, అదీ దాని కోసం చేసినదే పూయాలి. ఆ డబ్బా నేను ధరలోంచి కొట్టేయించిన సంచిలో ఉండింది.

మూడోసారి పట్టినప్పుడు కట్టు కీచుమని తిరిగింది. తిరిగేకొద్దీ మరల్లోంచి నల్లటి పెచ్చులు రాలాయి. చివరికి పై చక్రం చేతికి వచ్చింది.

కంపు దానితో పాటే లేచింది. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. నేను నోటితో గాలి పీల్చి ఇంకా పాడుచేసుకున్నాను. పక్క అంగట్లో బాగలూరు నుంచి పూలు తెచ్చి అమ్మే ఆమె తలుపు దగ్గరికి వచ్చేసింది.

"ఏమప్పా, ఎలుక చచ్చిందా మీ అంగట్లో? ఈ కంపులో నా మల్లెపూలు ఎవరు కొంటారు?"

చక్రాల పళ్ళు కనబడడం లేదు. పళ్ళ సందులన్నీ నల్లటి పాకుడుతో పూడిపోయి, ఉక్కు నున్నగా ఉంది. గొట్టం మలుపులో పొడి గట్టిగా బిగుసుకుని, పక్కన వేలు దూరేంత దారి మాత్రమే మిగిలింది. ప్రతి కప్పూ ఆ బిలంలోంచే దూరి వచ్చిందన్నమాట. చెంచా కాడతో కుళ్ళగించాను. ఇంగువ ముద్దంత ఉండ ఊడింది. విరిస్తే లోపల పొరలు. అడుగున మంచి గోధుమరంగు, దానిపైన ముదురు, పైకి వచ్చేకొద్దీ నలుపు, నడుమ నడుమ చికోరీ తారులా మెరుస్తూ. అడుగు పొర పడినప్పుడు అన్నకు ముక్కుంది. పైపొరకు లేదు. ఉండ మీద ఒక బొద్దింక రెక్క అతుక్కుని ఉంది. లోపలికి తిరిగివచ్చిన వదిన, కింద పెట్టిన పళ్ళెంలో పడిన గింజ ఒకటి ఏరి చేతిలోకి తీసుకుని, అది గింజ కాదు, బొద్దింక గుడ్ల తిత్తి అని తెలిసి చెయ్యి విదిలించి విదిలించి మళ్ళీ బయటికే పోయింది.

అన్న వంగాడు. గొట్టానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి గట్టిగా పీల్చాడు.

"ఇంత దానికి ఇట్ల పరిగెత్తల్లనా? పొడి రవంత పాతబడింది, అంతే."

"అన్నా, వద్దు" అనేలోపల ఆ ఉండలోంచి చిటికెడు తుంచి, నాన్న చేసేటట్టే నాలుక మీద వేసుకున్నాడు. చప్పరించాడు.

"చేదుగా ఉండాది. బాగనే ఉండాది."

నేను వాకిట్లోకి ఎట్లా చేరానో తెలియదు. తాగిన కాఫీ అంతా కాలువలో పడింది. నా పక్కనే వదిన కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుపో వాంతో ఆమెకే తెలియాలి. నేను మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి అన్న మమ్మల్నే చూస్తున్నాడు. మొదట నన్ను, తర్వాత వదినను, ఆ తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని తలుపు దగ్గర నిలబడిన పూలామెను. చివరికి చేతిలోని ఉండను చూశాడు. నోటిలోది ఇంకా మింగలేదు.

"అంత కంపా?" అన్నాడు.

పూలామె ముక్కు మీది గుడ్డను ఇంకా బిగించుకుంది.

"అంత కంపైతే నాకు తెలీకుండా పోతుందా?" ఈసారి గొంతు పెంచాడు. అది ప్రశ్నో జవాబో ఆయనకే తేలినట్టు లేదు. వెంటనే నా మీద పడ్డాడు. "నువ్వే గదా ఆ సంచి వద్దనింది! కుంచె వద్దంటివి, గ్రీజు వద్దంటివి!"

"ధర తగ్గించినప్పుడు భుజం తట్టింది ఎవరు?"

"కడగల్లని నాకెవరు చెప్పినారు?"

"పొద్దున్నే పారేయమని అమ్మినాయన చెప్పలే? పారేసినావా?"

"పారేసేదానికి మన ఇంట్లో ఎవరైనా—"

"మీ అన్నాచెల్లెళ్ళ యాపారం ఆపండి" అంది వదిన వాకిట్లోంచే. "ముందు ఆ ముద్ద యాడన్నా దూరంగా పారెయ్యండి."

అన్న చెయ్యి అలవాటు కొద్దీ మిగులు ఎత్తే డబ్బా కోసం తడిమింది. తడిమిన చెయ్యి డబ్బా మూత మీద ఆగి, వెనక్కి వచ్చింది. ఉండను కాగితంలో చుట్టి తీసుకుపోయి చెత్తలో వేసి వచ్చాడు. ఆ ఇంట్లో మర కడుపులోని మిగులు చెత్తలో పడడం నేను అదే మొదలు చూడడం.

యంత్రం అమ్మినాయనకు నేనే ఫోన్ చేశాను. సంచి ఇంకా ఉందన్నాడు. ధర చెప్పాడు. అప్పుడు వద్దన్నదానికి ఇప్పుడు ఇంతా అని నోరు తెరిచాను, తెరిచిన నోట్లోకి ఆ కంపే దూరింది. మూసుకుని, సరే పంపమన్నాను. సరుకు అందేదాకా చేయాల్సింది ఊరికే చెప్పాడు. నీళ్ళు పోయొద్దు, ఉక్కు తుప్పు పడుతుంది. పొడి కుంచెతో, వెదురుపుల్లతో గీకండి. మరల్లో నూనె చుక్క మిగలకుండా తుడవండి. చక్రాలు బిగించేటప్పుడు ఒక స్క్రూనే పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పండి, లేకపోతే చక్రం ఒరిగి పొడి ఒకపక్క సన్నం, ఒకపక్క గరుకు వస్తుంది. ఇకమీదట జిడ్డు కారే గింజలు పోయొద్దు, చికోరీ చూపించనే వద్దు.

అన్నీ అన్నే చేశాడు. మేము దగ్గరికి పోలేకపోయాం. వదిన కర్పూరం వెలిగించింది, పూలామె గుప్పెడు మల్లెలు మా గల్లాపెట్టె మీద పోసింది. రెండూ కలిసి ఆ కంపుకు పెళ్ళి చేసినట్టయింది. మాకు గుడ్డలు కట్టుకున్నా నిలవని చోట అన్న మొహం గొట్టంలో పెట్టి, పాత పళ్ళబ్రష్షుతో పన్నూ పన్నూ తోముతున్నాడు. ఒక్కసారి కూడా మొహం తిప్పుకోలేదు. ఆయన ముక్కుకు గుడ్డ అవసరమే లేదని వీధిలో పోయేవాడికి కూడా తెలుస్తోంది. తోమేకొద్దీ ఆయనకూ అదే తెలుస్తున్నట్టుంది.

పొద్దు వాలేసరికి చక్రాలు బయటపడ్డాయి. పళ్ళ అంచు మొద్దుబారింది. కొత్త జత వచ్చేదాకా పనికొస్తాయిలే అని బిగించాడు, అమ్మినాయన చెప్పినట్టే ఎదురెదురుగా. చేతులు కడుక్కుని, ఆ చేతులు వాసన చూసుకున్నాడు. అలవాటు. చూసుకుని కిందికి దించేశాడు.

"పాపా, ఆ కంపు ఎట్లుండిందో చెప్పు."

"పోనీలే అన్నా, అయిపోయింది."

"బేరం వద్దు. ఉండేది ఉన్నట్ల చెప్పు."

నా జన్మలో ఏ సరుకు గురించీ ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. కొనేటప్పుడు తగ్గించి, అమ్మేటప్పుడు పెంచి చెప్పడమే నాకు వచ్చిన విద్య. ఆ రోజు మాత్రం తూకం సరిగ్గా వేశాను.

"కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే ఇంట్లో పురుగులు చచ్చి కుళ్ళినప్పుడు వస్తుందే, అట్ల మొదలైంది. దానిమీద, పీనుగ లేచిన ఇంట్లో చాపకు పట్టిన తలనూనె కంపు. దాని కింద, కాలీ కాలని బొగ్గు మీద ఎవరో ఉచ్చ పోసినట్ల. ముక్కులోకి పోయి ఆడనే కూర్చునింది అన్నా. నీళ్ళు తాగినా అదే. నా ఎంగిల్లో అదే. పొద్దున నువ్విచ్చిన కాఫీలో ఉండిందీ అదే."

అన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. వింటూ వింటూ పెదవులు వంకరపోయాయి. పొద్దుటి నుంచి మా అందరి మొహాల మీదా ఉన్నది, ఆఖరికి ఆయన మొహం మీదికి వచ్చింది. లేచి వాకిట్లోకి పోయి కాలువలో ఉమ్మాడు. గొంతు గీరుకుని మళ్ళీ ఉమ్మాడు. పంచె చెంగుతో నాలుక తుడుచుకున్నాడు.

"దాన్నా నేను మందికి పోసింది?" అన్నాడు అక్కడి నుంచే.

వదిన నీళ్ళ చెంబు తీసుకుపోయి ఇచ్చింది. పుక్కిలించాడు. ఆమె మొహం చూడకుండానే అన్నాడు.

"రేపు గింజలు నువ్వు దించు."

"మరి నువ్వు?"

"ఈ గలీజు తోమేదానికి ముక్కు అక్కరలేదు గదా. రోజూ విప్పుతా."

"నాకు సరిగ్గా వస్తుందో రాదో. మాడిపోతే?"

"మాడితే పారేద్దాం." తర్వాత చెంబు తిరిగి ఇస్తూ, "డ్రమ్ములోంచి లాగినాక నాకు చెప్పల్ల, వాసన ఎట్లుండాదో. పాప చెప్పినట్ల. తగ్గించి చెప్పద్దు" అన్నాడు.

"చెప్తా" అంది వదిన. "బాగలేకున్నా చెప్తా. అన్నం ముందు నుంచి లేచిపోతే ఊరుకోను."